ఆరు వందల గజాలకు అందుబాటు ధరలో తూటా: నా అనుభవం

పోయిన అక్టోబరులో సీజన్ ముగిశాక స్కోరు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. సర్వీస్ రైఫిల్ పోటీలో 50 తూటాలు కాల్చాలి. 200 గజాల్లో నిలబడి 10, అక్కడే కూర్చుని వేగంగా 10, 300 గజాల్లో పడుకుని వేగంగా 10, చివర 600 గజాల్లో పడుకుని నిదానంగా 20. నిలబడి కాల్చేటప్పుడు పోయిన మార్కుల గురించి నాకు బెంగ లేదు. అది సాధనతో వచ్చేది. 600 గజాల పేజీలే మనసుకి పట్టలేదు. మార్కులు పోయినచోట చుక్కలు ఎక్కువగా పైనో కిందో ఉన్నాయి. గాలి బుల్లెట్‌ని, అంటే తూటాలోంచి ఎగిరిపోయే ముక్కని, పక్కకి తోస్తుంది. ఇలా నిలువునా చెదరగొట్టదు. నేను ట్రిగ్గరు సరిగ్గా నొక్కానని పుస్తకంలో రాసుకున్న తూటాలు కూడా నడిమి పది వలయం దాటి తొమ్మిదిలోకి, ఎనిమిదిలోకి పోయాయి. అనుమానం తూటా మీదికి మళ్ళింది.

నేనుండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిలుతో 25 గజాల నుంచి అయిదు తూటాల గ్రూపింగ్ కాల్చిన పిచ్చి ఇన్నేళ్ళకు ఇక్కడ తీరుతోంది. హెచ్-1బి మీద ఉన్నన్నాళ్ళూ ఆ వైపు వెళ్ళలేదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఈ సరదా ఉన్న మనవాళ్ళు ముందు ఈ సంగతి గట్టిగా కనుక్కోండి. నేను గ్రీన్ కార్డు వచ్చాకే క్లబ్బులో చేరాను.

ఈ ఆటలో గట్టివాళ్ళు చాలామంది తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటారు. మాది రెండు పడకగదుల అపార్టుమెంటు, ఇద్దరు చిన్నపిల్లలు. తుపాకి మందు, దాన్ని అంటించే ప్రైమర్లు ఇంట్లో పెట్టడానికి మా ఆవిడా ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు. అందుకని ఫ్యాక్టరీ తూటాయే గతి. పేరున్న మ్యాచ్ (పోటీ) తూటా, అంటే 77 గ్రెయిన్ల (గ్రెయిన్ అనేది బరువు కొలత) సియెర్రా మ్యాచ్‌కింగ్ బుల్లెట్ ఉన్న ఫెడరల్ గోల్డ్ మెడల్, నాకు పన్ను కలిపి ఒక్కోటి 1.70 డాలర్లు పడింది. ఒక్క పోటీకే 85 డాలర్లు. సాధనకి కూడా అదే వాడాలంటే మా ఇంటి బడ్జెట్ ఒప్పుకోదు.

బరువు బుల్లెట్ ఎందుకో కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలుగా దొరికే 55 గ్రెయిన్ల బుల్లెట్ మూడున్నర గ్రాములు. 77 గ్రెయిన్లది అయిదు గ్రాములు. బయల్దేరేటప్పుడు నిదానంగానే పోతుంది గానీ దారిలో వేగాన్ని తక్కువ పోగొట్టుకుంటుంది, గాలికి తక్కువ కదులుతుంది. అయితే పొడుగ్గా ఉండే ఈ బుల్లెట్ స్థిరంగా పోవాలంటే బ్యారెల్ దాన్ని గట్టిగా తిప్పాలి. ఏడు లేదా ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్ కావాలి. నాది ఎనిమిది. మ్యాగజీనులో పట్టే తూటా పొడవు 2.26 అంగుళాలు కాబట్టి 77 దగ్గరే ఆగాలి. 80 గ్రెయిన్లవి సాధారణంగా అంతకన్నా పొడవుగా ఉంటాయి, ఒక్కోటీ చేత్తో పెట్టుకోవాలి. ఇంకో జాగ్రత్త: 5.56 అని రాసి ఉన్న తూటాని, దాదాపు అదే సైజుదైనా, .223 రెమింగ్టన్ ఛాంబర్లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే గూట్లో) కాల్చకూడదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. నాది రెండింటికీ సరిపడే .223 వైల్డ్ ఛాంబర్ కావడంతో వెతుకులాట తేలికైంది.

ఫిబ్రవరి మొదటివారంలో మూడు రకాలు ఎంచుకున్నాను. ఫలితం చెబుతున్నాను కాబట్టి కంపెనీల పేర్లు రాయడం లేదు. మొదటిది 77 గ్రెయిన్లది, అన్నిటికన్నా చవక, ఒక్కోటి 62 సెంట్లు. రెండోది 75 గ్రెయిన్లది, 78 సెంట్లు. మూడోదీ 77 గ్రెయిన్లదే, సియెర్రా బుల్లెట్ పెట్టినది, 1.05 డాలర్లు. పోల్చి చూడ్డానికి గోల్డ్ మెడల్ డబ్బాలు కొన్ని. ప్రతి రకంలోనూ అన్ని డబ్బాలూ ఒకే లాట్ నంబరువి, అంటే ఒకే విడతలో తయారైనవి, పంపమని అమ్మేవాళ్ళకు మెయిల్ పెట్టాను. ఇద్దరు సరేనన్నారు. ఒకరు జవాబే ఇవ్వలేదు, తీరా డబ్బాలు వచ్చాక చూస్తే రెండు లాట్‌లు కలిసి ఉన్నాయి. లాట్ నంబరు డబ్బా మూత లోపలి వైపు ముద్రించి ఉంది. ఆ చిన్న అంకెల కోసం కళ్ళద్దాలు తీసి పెట్టి మరీ వెతుక్కున్నాను. కొన్ని మూడు రోజుల్లో వచ్చాయి, మూడో రకానికి మాత్రం రెండు వారాలు ఎదురుచూశాను. కొరియర్ సంతకం కావాలన్నాడు కాబట్టి ఒక మధ్యాహ్నం ఇంటి నుంచే పనిచేశాను.

మార్చిలో ఒక శనివారం గాలి లేని ఉదయం చూసుకుని 100 గజాల రేంజికి వెళ్ళాను. చలి అయిదు డిగ్రీలు. పోటీలో వాడే నా స్కోపు 4.5 రెట్లు మాత్రమే పెంచుతుంది, నిబంధన అంతే. అంత తక్కువతో తూటా మంచిచెడ్డలు తేల్చలేం. క్లబ్బులో ఒక పెద్దాయన తన 24 రెట్ల స్కోపు, వేగం కొలిచే రాడార్ యంత్రం అరువిచ్చారు. అది కొనాలంటే ఆరు వందల డాలర్లు. ఆయన ఒకటే షరతు పెట్టారు: "పది తూటాలు కాల్చకుండా ఏ గ్రూపు గురించీ నాకు చెప్పకు."

ఆ షరతు వెనక లెక్క ఉంది. గ్రూపు కొలత అంటే కాగితం మీద అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం. అదే రైఫిలు, అదే తూటా, అదే మనిషి అయినా, అయిదు తూటాల గ్రూపుకన్నా పది తూటాల గ్రూపు సగటున పావువంతు పెద్దదిగా వస్తుంది. మూడు తూటాల గ్రూపైతే ఎంత చిన్నదైనా దాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం. అమ్మేవాళ్ళు చూపించే బొమ్మల్లో చాలా వరకు మూడు, అయిదు రంధ్రాలవే. నేను ఎన్‌సీసీ నాటి అయిదు తూటాల అలవాటులో పెరిగినవాణ్ణి, కాబట్టి మొదట్లో ఇంత ఖర్చెందుకు అనిపించింది. కాల్చడం మొదలుపెట్టాక అర్థమైంది. మొదటి రకం మొదటి నాలుగు తూటాలూ ఒక దాన్నొకటి తాకుతూ పడ్డాయి. 62 సెంట్లకే నిధి దొరికిందని గుండె వేగంగా కొట్టుకుంది. ఆరో తూటా అంగుళం కిందకి పోయింది, తొమ్మిదోది ఇంకోవైపు పోయింది.

రకం మార్చినప్పుడల్లా ముందు అయిదారు తూటాలు లెక్కలోకి తీసుకోకుండా కాల్చాను. వెనకటి రకం మందు మసి బ్యారెల్‌లో ఉంటుంది, కొత్తదానికి బ్యారెల్ అలవాటు పడాలి. ఒక రకాన్ని మొత్తం కాల్చి ఇంకోదానికి పోకుండా వంతులవారీగా కాల్చాను, లేకపోతే చివర వచ్చే రకానికి వేడెక్కిన బ్యారెల్, అలసిన నా భుజం దొరుకుతాయి. గ్రూపుకీ గ్రూపుకీ మధ్య బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగాను. ఇలా ఉదయం మొత్తం పట్టింది. ఫ్లాస్కులో టీ అయిపోయింది. నిజానికి కాల్చిన సమయం తక్కువ, ఎదురుచూసిన సమయం ఎక్కువ. ఈ పరీక్ష చేసేవాళ్ళు ఓపిక మూటకట్టుకుని వెళ్ళాలి.

పది తూటాల గ్రూపుల సగటు ఇలా వచ్చింది. గోల్డ్ మెడల్ 1.1 అంగుళాలు, మూడో రకం 1.2, మొదటి చవక రకం 1.4, రెండోది 1.6. కాగితాలు మాత్రమే చూసి ఇంటికి వచ్చి ఉంటే 62 సెంట్లదే కొనేవాణ్ణి. 78 సెంట్లదానికన్నా అదే మెరుగు కదా. 100 గజాల దగ్గర అంగుళం అంటే 600 దగ్గర ఆరు అంగుళాలు. 600 గజాల టార్గెట్‌లో పది వలయం అడ్డంగా 12 అంగుళాలు, లోపలి ఎక్స్ 6 అంగుళాలు. 1.4 అంటే 8.4 అంగుళాలు, హాయిగా పట్టాలి.

కానీ రాడార్ యంత్రం కథ వేరేలా చెప్పింది. మొదటి రకంలో ఒక తూటాకీ ఇంకోదానికీ వేగం తేడా పదింటిలోనే సెకనుకు 120 అడుగుల దాకా ఉంది, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, వేగాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 38. రెండో రకం ఎస్‌డీ 15. మూడోది 12, గోల్డ్ మెడల్ 11. ఈ అంకెలు కాగితం మీద ఎందుకు కనబడలేదో ఆ రాత్రి బాలిస్టిక్ లెక్కలు వేసి చూశాను. సెకనుకు 2700 అడుగుల వేగంతో పోయే ఈ బుల్లెట్‌కి వంద అడుగుల తేడా వస్తే 100 గజాల దగ్గర ఎత్తులో మార్పు అంగుళంలో ఆరోవంతు. అది గ్రూపులో కలిసిపోతుంది, ఎవరి కంటికీ ఆనదు. అదే తేడా 600 గజాల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు. నా స్కోరు పుస్తకంలో నిలువుగా చెదిరిన చుక్కల ముఖం ఆ లెక్కలో కనిపించింది. అప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఒక సీజనంతా నా శ్వాసని, నా భుజాన్ని, రైఫిలు కదలకుండా చేతికి బిగించే నా స్లింగుని అనుమానించుకున్నాను.

లెక్క ఎంత బాగున్నా కాల్చి చూడాలి. 600 గజాల రేంజి మాకు రెండు గంటల దూరం, ఏప్రిల్ చివరిదాకా నేల బురదగా ఉందని తెరవలేదు. ఆరు వారాలు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ మధ్యలో వేగంగా కాల్చే పోజుల్లో తూటాలు సరిగ్గా ఎక్కుతున్నాయా అని చూసుకున్నాను. పోటీలో రెండు తూటాల మ్యాగజీను ఖాళీ చేసి, ఎనిమిదిది పెట్టి, 200 గజాల్లో 60 సెకన్లలో, 300 గజాల్లో 70 సెకన్లలో ముగించాలి. అక్కడ ఒక్క తూటా ఇరుక్కున్నా ఆ వరస దెబ్బతింటుంది. నాలుగు రకాలూ ఇబ్బంది పెట్టలేదు, ఆఖరి తూటా తర్వాత బోల్టు ప్రతిసారీ వెనక్కి నిలిచింది. చవక తూటాలో నేను ఇది ఆశించలేదు, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

మే మొదటి ఆదివారం 600 గజాలకు వెళ్ళాను. అక్కడ ఎలక్ట్రానిక్ టార్గెట్లు లేవు. ఒకరు కాలుస్తుంటే ఇంకొకరు టార్గెట్ కింద గోతిలో కూర్చుని, ప్రతి తూటాకీ కాగితాన్ని కిందకి దించి, రంధ్రంలో గుర్తు గుచ్చి, మళ్ళీ పైకి లేపాలి. డేటన్ నుంచి ఒక తెలుగు మిత్రుడు తోడు వచ్చాడు. "అన్నా, నువ్వు కాల్చు, నేను గుర్తులు పెడతా" అని చాలాసేపు ఆ తాళ్ళు లాగాడు. నా వంతు గోతిలోకి వెళ్ళినప్పుడు తల మీదుగా వచ్చే చప్పుడు విన్నాను. అంత దూరం వచ్చాక కూడా ఈ బుల్లెట్ ధ్వని కన్నా వేగంగానే ఉంటుంది, కొరడా ఝళిపించినట్టు గాల్లో చరుపు వినబడుతుంది.

ఆ రోజు గాలి ఎడమ నుంచి, ఆగుతూ రేగుతూ వీచింది. అందుకని అడ్డంగా ఎంత చెదిరిందో పట్టించుకోలేదు. దానిలో గాలి పాలెంత, నా పాలెంత, తూటా పాలెంత అని విడదీయలేం. పై రంధ్రం నుంచి కింది రంధ్రం దాకా నిలువు కొలత ఒక్కటే రాసుకున్నాను. ఇసుక సంచి మీద ఆనించి, రకానికి ఇరవై. మొదటి రకం నిలువు 15 అంగుళాలు. రెండోది 11. మూడోది 8కి కాస్త పైన. గోల్డ్ మెడల్ దాదాపు దానితో సమానం. 100 గజాల దగ్గర వెనకబడిన 75 గ్రెయిన్లది 600 దగ్గర చవక 77ని దాటేసింది. మిత్రుడు గోతిలోంచి వాకీటాకీలో "ఇది వేరే రకమా? గుర్తులన్నీ ఒకే వరసలో వస్తున్నాయి" అన్నాడు. ఏ రకం కాలుస్తున్నానో అతనికి ముందు చెప్పలేదు.

దాంతో నిర్ణయం తేలికైంది. 200, 300 గజాల టార్గెట్లలో పది వలయం ఏడు అంగుళాలు. అక్కడ వేగం తేడా దాదాపు కనబడదు, 62 సెంట్ల రకం చక్కగా సరిపోతుంది. 600కి మూడో రకం. పోటీకి 30 తూటాలు చవకవి, 20 మంచివి, మొత్తం 40 డాలర్ల లోపు. 85 నుంచి 40కి దిగింది. రెండో రకం నాకు నచ్చింది, కానీ మూడు రకాల సైటు లెక్కలు తలలో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఒకే రకంతో మొత్తం పోటీ కాల్చాలనుకునేవాళ్ళకు మాత్రం నేను ఆ 75 గ్రెయిన్లదే చెబుతాను.

రెండు రకాలు వాడితే ఒక పని తప్పనిసరి. బరువు ఒకటే అయినా రెండూ ఒకే చోట పడవు. నా రైఫిల్లో మూడో రకం మొదటిదానికన్నా అంగుళంన్నర పైన, కొంచెం కుడికి పడింది, అదీ 100 గజాలకే. బ్యాడ్జి పాయింట్ల కోసం ఆడే లెగ్ మ్యాచ్‌లో సరిచూసుకునే తూటాలు ఇవ్వరు, మొదటి తూటా నుంచే లెక్క. ఏ దూరానికి ఏ తూటాకి స్కోపు ఎన్ని క్లిక్కులు తిప్పాలో కాగితం మీద రాసి రైఫిలు స్టాకుకి (భుజానికి ఆనే భాగానికి) అంటించుకున్నాను. మే నెల మిగతా సాధనంతా దాదాపు దీనికే పోయింది.

అసలు పరీక్ష కొనుగోలు దగ్గర ఎదురైంది. మూడో రకం వెయ్యి తూటాల కేసు కొందామని వెళితే నేను పరీక్షించిన లాట్ అయిపోయింది. అమ్మేవాళ్ళకు ఫోన్ చేశాను. కొత్త లాట్ మూడు వారాల్లో వస్తుందన్నారు, లాట్ కలపకుండా మూసి ఉన్న కేసే పంపుతామన్నారు. లాట్ మారితే మందు మారొచ్చు, వేగం మారొచ్చు. పాత అంకెలు పట్టుకుని వెయ్యి డాలర్లు పెట్టడానికి మనసొప్పక ముందు రెండు డబ్బాలు తెప్పించుకుని జూన్ రెండో వారంలో మళ్ళీ కాల్చాను. ఎండ 31 డిగ్రీలు. వేగం మార్చి కంటే సెకనుకు 40 అడుగులు పెరిగింది. అందులో వేడి పాలూ ఉంది, లాట్ పాలూ ఉంది. ఎస్‌డీ 13 దగ్గరే నిలబడింది. ఆ సాయంత్రమే కేసు ఆర్డరు పెట్టాను. వచ్చిన పెట్టె పదమూడు కిలోల పైచిలుకు, రెండో అంతస్తు మెట్లెక్కించేసరికి చేతులు లాగేశాయి. ఇప్పుడది తాళం వేసిన ఇనప పెట్టెల్లో, తేమ తగలకుండా అలమరలో పై అరలో ఉంది. రైఫిలు వేరే తాళంలో ఉంటుంది.

పరీక్షకి మొత్తం ఖర్చు తూటాలు, రేంజి రుసుము, పెట్రోలు కలిపి నాలుగు వందల డాలర్లు దాటింది. మా ఆవిడ ఆ లెక్క చూసి ఒక సాయంత్రం మాట్లాడలేదు. పోటీకి 45 డాలర్లు మిగులుతాయి కాబట్టి ఒక సీజనులో ఆ డబ్బు తిరిగొస్తుందని కాగితం మీద వేసి చూపించాను. తిరిగి రానిది బ్యారెల్ ఆయువు. మేలైన గురి అయిదు వేల తూటాల దాకా నిలుస్తుందంటారు, అందులో కొంత ఈ పరీక్షకే ఖర్చయింది. ఇంకా నాలుగైదు రకాలు చూడాలన్న కోరికను అందుకే అణుచుకున్నాను.

జూలై ఆఖరున క్యాంప్ పెరీకి వెళ్ళాను. ఈరీ సరస్సు ఒడ్డున 1907 నుంచి ఈ పోటీలు జరుగుతున్న చోటు. సరస్సు మీది గాలి నన్ను పక్కకి బాగానే ఆడించింది. 600 గజాల్లో 200కి 187 వచ్చాయి, పోయిన పదమూడు మార్కులూ ఎడమకో కుడికో పోయినవే. పైకీ కిందికీ పోయిన తూటా ఒక్కటి కూడా లేదు. అక్కడ గోతిలో నా టార్గెట్ లాగిన అబ్బాయి ఏ తూటా అని అడిగాడు, చెప్పాను, రాసుకున్నాడు. చలికాలం సాధనకి రెండో కేసు కావాలి. అదే లాట్ ఇంకా ఉందని అమ్మేవాళ్ళు నిన్న మెయిల్ పెట్టారు, ధర మాత్రం 1.09కి పెరిగింది. ఆర్డరు పెట్టేశాను, వచ్చాక పది తూటాలు రాడార్ ముందు కాల్చి చూస్తాను.